పిల్లల మోషన్లకు యాంటీబయోటిక్: మందు అలవాటయ్యేది ఎవరికి?

పోయిన జనవరిలో ఒక రాత్రి పదకొండున్నరకి పరకాల నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, బాబుకు పొద్దటి సంది ఎనిమిది మోషన్లు అయినయి. నీళ్లు నీళ్లుగ పోతున్నడు, రెండుసార్లు కక్కిండు. పోయినసారి తెచ్చిన సిరప్ ఫ్రిజ్‌ల సగం ఉంది, అది పోయనా?" బాబుకి ఏడాదిన్నర. నేను హనుమకొండలో ఒక ల్యాబ్‌లో కల్చర్ టెస్టులు చేసే టెక్నీషియన్ని, అందుకే ఇంట్లో ఎవరికి ఏం వచ్చినా ముందు ఫోన్ నాకే వస్తుంది. సీసా మీద పేరు చదవమన్నాను. ఓఫ్లోక్సాసిన్, మెట్రోనిడజోల్ రెండూ కలిపిన సిరప్. మన దగ్గర పిల్లలకి మోషన్లు అనగానే మెడికల్ షాపు కౌంటర్ మీదకి ఇలాంటి సీసానే వస్తుంది. ఫోన్లో వెనక నుంచి వాళ్ల అత్తమ్మ గొంతు వినపడుతోంది: "గా సిరప్ వానికి అలవాటైపోయింది, గది పనిచేయదు, ఇంకింత పవరున్నది రాయించుకోవాలె."

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే. "మందు అలవాటైపోయింది" అని మన ఊళ్లలో అనని ఇల్లు లేదు. నిజానికి యాంటీబయోటిక్ పిల్లాడి ఒంటికి అలవాటు కాదు. మారేది వాడి కడుపులో ఉన్న క్రిములు. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, దాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఒంటికి అలవాటైందనుకుంటే అది ఆ ఒక్క పిల్లాడి సమస్య, పవర్ పెంచితే సరిపోతుంది, పక్కింటి పాపకి దాంతో పనిలేదు. కానీ మారింది క్రిమి అయితే, అది ఒక్క కడుపులో ఆగదు. బట్ట మార్చిన చేతితో, పగిలిన పైపులో కలిసిన మురుగుతో, ఈగ కాలితో ఇంకో ఇంటికి పోతుంది. అప్పుడు పక్కింటి పాపకి ఆ మందు ఒక్కసారి కూడా పోయకపోయినా, ఆ పాపకి పనిచేయాల్సిన రోజు పనిచేయదు.

ముందు అసలు మోషన్లు ఎందుకవుతాయో చూద్దాం, ఎందుకంటే సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో తీవ్రమైన నీళ్ల విరేచనాలకి అన్నిటికన్నా పెద్ద కారణం రోటా అనే వైరస్. వాంతులు, కొద్దిగా జ్వరం, తర్వాత నీళ్లలా విరేచనాలు, చలికాలంలో ఎక్కువ. యాంటీబయోటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు. ఎందుకంటే అది బ్యాక్టీరియా గోడని, దాని లోపలి యంత్రాలని కొట్టే మందు, వైరస్‌కి ఆ గోడా ఉండదు, ఆ యంత్రాలూ ఉండవు. ఇక బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనవి షిగెల్లా, ఈ-కోలైలో జబ్బు చేసే కొన్ని రకాలు, క్యాంపైలోబ్యాక్టర్, సాల్మొనెల్లా, కలరా క్రిమి. 2007 నుంచి 2011 దాకా ఆఫ్రికా, ఆసియాల్లో ఏడు చోట్ల (మన దేశంలో కోల్‌కతా) వేల మంది పిల్లల మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు. అందులో ఎక్కువ కేసులకి కారణమని తేలినవి నాలుగు: రోటా వైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, విషం వదిలే ఒక రకం ఈ-కోలై, షిగెల్లా. ఈ నాలుగింటిలో బ్యాక్టీరియా రెండే. ఆ రెండిట్లో కూడా ఈ-కోలై నీళ్ల విరేచనాలు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. యాంటీబయోటిక్ నిజంగా అవసరమయ్యేది ముఖ్యంగా షిగెల్లాకి, అంటే మలంలో నెత్తురు, జిగట పడుతూ, కడుపులో మెలిపెడుతూ, జ్వరం వచ్చే రక్త విరేచనాలకి.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన చాలా సూటిగా ఉంటుంది. మలంలో రక్తం ఉంటే, కలరా అనుమానం ఉంటే, పిల్లాడు తీవ్రమైన పోషకాహార లోపంతో ఉంటే, లేదా ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకిన లక్షణాలుంటే యాంటీబయోటిక్. మామూలు నీళ్ల విరేచనాలకి వద్దు. "ఏమో, బలహీనంగా ఉన్న పిల్లలకి ముందుజాగ్రత్తగా ఇస్తే ప్రాణం నిలుస్తుందేమో" అనే ప్రశ్న డాక్టర్లకీ ఉండేది. దాన్నీ పరీక్షించి చూశారు. భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, మలావి, మాలి, టాంజానియా, ఈ ఏడు దేశాల్లో రెండేళ్లలోపు పిల్లలు 8 వేల మందికి పైగా, అందరూ నీళ్ల విరేచనాలతో నీరసించినవాళ్లో బక్కచిక్కినవాళ్లో. సగం మందికి మూడు రోజులు అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్, సగం మందికి మందు లేని ఉత్త సిరప్. ఓఆర్ఎస్, జింక్ మాత్రం అందరికీ. ఆరు నెలలు గమనించారు. అజిత్రోమైసిన్ ఇచ్చిన గుంపులో మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. 2021లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ముందుజాగ్రత్త అన్న వాదనకి అంతకన్నా పెద్ద పరీక్ష ఇంకేం కావాలి.

మరి సిరప్ పోసిన రెండో రోజుకి తగ్గింది కదా అంటారు. తగ్గుతుంది. పోయకపోయినా తగ్గేదే. వైరస్ విరేచనాలు మూడు నుంచి ఏడు రోజుల్లో వాటంతటవే ఆగుతాయి. మనం సాధారణంగా రెండో రోజో మూడో రోజో భయపడి మందు పోస్తాం, నాలుగో రోజు తగ్గితే ఆ పేరు సీసాకి పోతుంది. తప్పు తల్లులది అననే అనను. రాత్రిపూట పిల్లాడు కళ్లు తేలేస్తుంటే ఏదో ఒకటి చేయకుండా ఎవరు కూర్చోగలరు? ఊళ్లో ఆ టైంలో పలికేది ఆర్‌ఎంపీ ఒక్కడే, అతని సంచిలో ఉండేది ఆ సిరప్, ఆ సూదే.

ఇప్పుడు మా ల్యాబ్‌లో ఒక ప్లేట్ చూపిస్తాను, ఎందుకంటే ఇది కళ్లతో చూస్తేనే మనసుకి ఎక్కుతుంది. రక్త విరేచనాలతో వచ్చిన పాప మలం చిన్న డబ్బాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని సన్నటి తీగతో, అరచేయంత వెడల్పున్న గుండ్రటి ప్లేట్‌లో జెల్లీలాంటి మేత మీద గీస్తాం. రాత్రంతా మన ఒంటి వేడిలో పెట్టె లోపల ఉంచితే, పొద్దున్నకి మామూలు ఈ-కోలై గులాబీ రంగు చుక్కలుగా లేస్తుంది, షిగెల్లా రంగులేని చుక్కలుగా. ఆ రంగులేని చుక్క తీసుకుని, ఇంకో ప్లేట్ నిండా సమానంగా పూసి, పైన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు పెడతాం. ఒక్కో బిళ్లలో ఒక్కో యాంటీబయోటిక్ ఉంటుంది. మర్నాడు మూత తీస్తే ప్లేట్ అంతా పలచటి తెల్లటి పొరలా క్రిములు పెరిగి ఉంటాయి. మందు పనిచేస్తే ఆ బిళ్ల చుట్టూ క్రిమి లేని ఖాళీ వలయం కనపడుతుంది, మంచి మందైతే పది రూపాయల బిళ్లంత వెడల్పుగా. పనిచేయకపోతే క్రిములు బిళ్ల అంచుదాకా వచ్చి ఆనుకుని ఉంటాయి, అక్కడ మందున్నట్టే లేదన్నట్టు. సిప్రోఫ్లోక్సాసిన్ (చెల్లె సీసాలోని ఓఫ్లోక్సాసిన్ గుంపు మందే) బిళ్ల చుట్టూ అలా ఆనుకుని పెరిగిన షిగెల్లాని మొదటిసారి చూసినప్పుడు బిళ్ల తప్పు పెట్టానేమో అనుకుని టెస్ట్ మళ్లీ చేశాను. రెండోసారీ అదే వచ్చింది. ఆ పాపకి నాలుగేళ్లు. వాళ్ల నాన్న బయట బెంచీ మీద రిపోర్ట్ కోసం కూర్చుని ఉన్నాడు, అప్పటికే మూడు రోజులుగా ఆ గుంపు మందే తాగిస్తున్నారని తర్వాత తెలిసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ టెస్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, చాలామంది పిల్లలకి ఎవరూ చేయించరు, ప్రతి నీళ్ల విరేచనానికీ చేయించాల్సిన పని కూడా లేదు. పైగా జబ్బు చేసే ఈ-కోలై, మన కడుపులో ఎప్పుడూ ఉండే సాధు ఈ-కోలై, రెండూ ప్లేట్ మీద ఒకేలా గులాబీ రంగులో కనపడతాయి, విడదీయాలంటే జన్యు పరీక్ష కావాలి. అంటే ఏ పిల్లాడికి ఏ క్రిమి వల్ల మోషన్లయ్యాయో మన జిల్లాల్లో చాలాసార్లు ఎవరికీ తెలియదు. తెలియకుండానే మందు పోస్తున్నాం.

సరే, క్రిమి ఎలా మారుతుంది? మన పత్తి రైతుకి ఇది నేను చెప్పే పనే లేదు. దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. మొదట్లో కాయతొలిచే పురుగులు దాన్ని తిని చచ్చిపోయాయి. కొన్నేళ్లకి గులాబీ పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం మొదలుపెట్టింది, ఇవాళ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి పత్తి తెచ్చే ఏ రైతునడిగినా దాని సంగతి చెబుతాడు. పురుగు ఏదీ కూర్చుని విషం అలవాటు చేసుకోలేదు. లక్షల పురుగుల్లో ఎక్కడో ఒకటి రెండు పుట్టుకతోనే కొద్దిగా తేడాగా ఉంటాయి. మిగతావన్నీ చచ్చాక చేనంతా వాటిదే, వాటి పిల్లలదే. క్రిముల్లో జరిగేదీ ఇదే, కాకపోతే వేగం ఊహకందదు. ఈ-కోలైకి మంచి మేత దొరికితే 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఒక్క క్రిమితో మొదలుపెడితే ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతాయి, పది గంటల్లో 107 కోట్లు. కడుపులో మేతకీ చోటుకీ పోటీ ఉంటుంది కాబట్టి అక్కడ అంత వేగం ఉండదు, కానీ లెక్క తీరు అదే. ఇన్ని నకళ్లు తీస్తుంటే క్రిమి డీఎన్‌ఏ రాతలో అక్కడక్కడా అక్షరం తప్పు పడుతుంది. ఎప్పుడో ఒకసారి ఆ తప్పే క్రిమికి కలిసొస్తుంది.

సిప్రో, ఓఫ్లో లాంటి మందులనే తీసుకోండి. క్రిమి రెండుగా చీలేముందు మెలితిరిగి ఉన్న తన డీఎన్‌ఏని విప్పుకోవాలి, దానికి గైరేజ్ అనే ఒక పనిముట్టు ఉంటుంది. మందు పోయి ఆ పనిముట్టుకి అతుక్కుని దాన్ని కదలనీయదు. గైరేజ్‌ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, మందు సరిగ్గా అతుక్కోదు. ఒక మార్పుతో క్రిమి కొంచెం మొండి అవుతుంది, రెండో మార్పుతో ఇంకా, మూడోదానితో మందు దాన్ని తాకను కూడా లేదు. మధ్యలో సగం సగం డోసులు ఇస్తూ పోతే మనమే దానికి ఒక్కో మెట్టూ ఎక్కిస్తున్నట్టు. పెన్సిలిన్, సెఫిక్సిమ్ కుటుంబం మందులకైతే క్రిమి ఏకంగా కత్తెర తయారుచేస్తుంది, బీటా-లాక్టమేజ్ అంటారు, మందు అణువుని నడిమికి కత్తిరించి పారేసే ఎంజైమ్. ఇంకొన్ని క్రిములు లోపలికొచ్చిన మందుని మోటారు పెట్టి తోడినట్టు బయటికి తోడేస్తాయి.

పత్తి పురుగు పోలిక ఇక్కడిదాకే పనికొస్తుంది. గులాబీ పురుగు తన మొండితనాన్ని తన పిల్లలకే ఇవ్వగలదు. పక్కనున్న మిరప తామర పురుగుకి ఇవ్వలేదు. క్రిమి ఇవ్వగలదు. ఈ సంగతి బయటపడిన కథ జపాన్‌ది. షిగెల్లాని 1897లో కనిపెట్టింది కూడా అక్కడే, కియోషి షిగా అనే శాస్త్రవేత్త, ఆయన పేరే దానికి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశంలో రక్త విరేచనాలకి సల్ఫా మందులు విపరీతంగా వాడారు, కొన్నేళ్లకే అవి పనిచేయడం మానేశాయి. తర్వాత స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ వచ్చాయి. 1950ల్లో వింతగా ఒకే షిగెల్లా ఈ నాలుగింటికీ ఒకేసారి లొంగకుండా కనపడింది. మెట్టుమెట్టుగా అక్షరం మారితే ఒకేసారి నాలుగు మందులకి ఎలా మారుతుంది? అక్కడి డాక్టర్లు గమనించింది ఏంటంటే, ఒకే రోగి కడుపులో మందుకి లొంగే షిగెల్లా, లొంగని షిగెల్లా రెండూ ఉన్నాయి, ఇంకా చిత్రంగా అదే రోగి కడుపులోని ఈ-కోలై కూడా అవే నాలుగు మందులకి లొంగట్లేదు. రెండిటినీ ల్యాబ్‌లో కలిపి పెంచి చూశారు. ఈ-కోలై తన మొండితనాన్ని షిగెల్లాకి అందించింది.

అందించే వస్తువు పేరు ప్లాస్మిడ్. ఉంగరంలా గుండ్రంగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్క. క్రిమికి ఉండే అసలు జన్యువులతో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. రెండు క్రిములు సన్నటి గొట్టంతో అతుక్కుని, ఒకటి దాన్ని నకలు తీసి రెండోదానికి ఇస్తుంది, తన దగ్గరున్నది తన దగ్గరే ఉంటుంది. హనుమకొండ హాస్టళ్లలో పరీక్షల ముందు రాత్రి ఒకరి నోట్సు ఫ్లోరంతా జిరాక్స్ అయిపోతుంది కదా, అలా. పైగా ఆ నోట్సులో ఒక సబ్జెక్టే ఉండదు, ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల తాళాలు కలిపి ఉంటాయి. అందుకే ఒక మందు వాడకం వల్ల ఎన్నడూ వాడని ఇంకో మందు కూడా పాడవుతుంది.

ఇప్పుడు మా చెల్లె ఫ్రిజ్‌లో సీసా దగ్గరికి రండి. బాబుకి వచ్చింది వైరస్ అయితే, ఆ సిరప్ వైరస్‌ని ముట్టుకోదు. మరి కడుపులోకి పోయిన మందు ఏం చేస్తుంది? ఊరుకోదు. అక్కడ కోటానుకోట్ల సాధు క్రిములుంటాయి, అన్నం అరగడానికి సాయపడేవి, జబ్బు క్రిములకి చోటు దొరక్కుండా ఆక్రమించుకుని ఉండేవి. మందు వాటిని చంపుతుంది. కొన్ని యాంటీబయోటిక్‌లకి మోషన్లే సైడ్ ఎఫెక్ట్ కావడానికి కారణం కూడా ఇదే. చావకుండా మిగిలేవి ఏవంటే, ఉంగరం ఉన్న ఈ-కోలైలు. మోషన్లు తగ్గిపోయాక కూడా అవి ఆ కడుపులో నెలల తరబడి ఉంటాయి, ఏడాది దాకా కూడా ఉండొచ్చని పరిశోధనలు చూపించాయి. పిల్లాడు ఆరోగ్యంగా ఆడుకుంటూనే ఉంటాడు. ఆరు నెలలకి వాడి కడుపులోకి నిజంగానే షిగెల్లా వస్తుంది. షిగెల్లాకి కొన్ని పదుల క్రిములు చాలు జబ్బు చేయడానికి, ఒక్క మురికి చేయి చాలు. వచ్చిన షిగెల్లాకి అక్కడ ఉంగరం ఇవ్వడానికి ఈ-కోలై సిద్ధంగా ఉంటుంది. అనవసరంగా తాగించిన రోజు ఏ నష్టం కనపడదు, అందుకే ఎవరికీ భయం వేయదు. దాని ఫలితం నెత్తురు విరేచనాల రోజు వస్తుంది. అప్పుడు "మందు అలవాటైపోయింది" అంటాం.

షిగెల్లా విషయంలో మనం ఎన్ని మెట్లు దిగొచ్చామో చూస్తే గుండె గుభేల్మంటుంది. సల్ఫా పోయింది, ఆంపిసిలిన్ పోయింది, కో-ట్రైమోక్సజోల్ పోయింది. 1984లో పశ్చిమ బెంగాల్‌లో రక్త విరేచనాలు ఊళ్లకి ఊళ్లు కమ్మినప్పుడు ఆ పాత మందులేవీ పనిచేయలేదు, నాలిడిక్సిక్ ఆసిడ్ కాపాడింది. కొన్నేళ్లకి అదీ పోయింది. దాని కుటుంబంలోనే ఇంకా బలమైన నార్‌ఫ్లోక్సాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ వచ్చాయి. 2002-03లో అదే పశ్చిమ బెంగాల్‌లో సిప్రోకి కూడా లొంగని షిగెల్లా మళ్లీ చెలరేగింది. ఇవాళ మన దేశంలో షిగెల్లాకి సిప్రో పనిచేస్తుందన్న నమ్మకంతో మందు రాసే పరిస్థితి లేదు. మిగిలినవి అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, ఆసుపత్రిలో ఎక్కించే సెఫ్‌ట్రియాక్సోన్, వాటికి కూడా లొంగని రకాలు అప్పుడే వచ్చేశాయి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొండి క్రిముల జాబితాని సవరించి, సిప్రో గుంపుకి లొంగని షిగెల్లాని మధ్యస్థ ప్రమాదం నుంచి అధిక ప్రమాదం వరుసలోకి పైకి జరిపింది. ఈ మందుల వెనక కొత్తగా వస్తున్నవి చాలా తక్కువ.

సిరప్ సీసా ఒక్కటే దోషి అని నేననడం లేదు. కోళ్ల ఫారాల్లో జబ్బు రాకుండానే, కోడి త్వరగా బరువు పెరగాలని దాణాలో యాంటీబయోటిక్ కలిపే అలవాటు ఏళ్ల తరబడి సాగింది. మనుషులకి ఇంకేదీ పనిచేయనప్పుడు ఆఖరున ఇచ్చే కోలిస్టిన్‌ని కూడా కోళ్లకి పెట్టేవారు, 2019 జూలైలో కేంద్రం పశువులకి, కోళ్లకి దాని వాడకాన్ని నిషేధించింది. ఇంకోటి మన రాష్ట్రానిదే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో, దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లని పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. శుద్ధి చేశాక వదిలిన నీళ్ల సంగతి ఇది. అక్కడి వాగుల నీళ్లు మంజీరలో కలుస్తాయి, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దారిలో ఎంతో పలచబడిపోతుంది, కందకుర్తిలో స్నానం చేస్తే మందు ఒంటికి పడుతుందని నేననను. కానీ ఆ వాగుల అడుగున బురదలో బతికే క్రిములకి అది రోజూ నడిచే ట్రైనింగ్ సెంటర్.

మనకి దగ్గరగా ఉన్న దారి మాత్రం సెప్టిక్ ట్యాంకు. మొండి క్రిములు బయటికి వచ్చేది మలంతోనే కాబట్టి, ఆ మలం ఎటు పోతుందనేదే ప్రశ్న. లారీ వచ్చి ట్యాంకు తోడుకుపోతుంది, ఊరి చివర వాగులోనో చెరువు కట్ట కిందనో వదిలేస్తే మళ్లీ అది మన బోర్లలోకి, కూరగాయల మడుల్లోకి, పిల్లల చేతుల్లోకి వస్తుంది. వరంగల్ ఈ విషయంలో ఒక మంచి పని చేసింది, అందరికీ తెలియాల్సినంతగా తెలియలేదు. 2016లోనే నగరపాలక సంస్థ సెప్టిక్ ట్యాంకు వ్యర్థాల మీద నిబంధనలు తెచ్చింది, ఆ తర్వాత అమ్మవారిపేట దగ్గర వాటిని శుద్ధి చేసే ప్లాంటు పెట్టింది. యాంటీబయోటిక్ గురించి చర్చ పెట్టినప్పుడు దీన్నెవరూ తలుచుకోరు గానీ, నా లెక్కలో కొత్త మందు కనిపెట్టడమెంతో ఆ లారీ సరైన చోటికి పోవడమూ అంతే.

టీకా కూడా ఇందులో భాగమే. రోటా టీకా 2016లో నాలుగు రాష్ట్రాల్లో మొదలై (ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి) 2019కల్లా దేశమంతా ఉచితంగా వచ్చింది. ఆరు, పది, పద్నాలుగు వారాలకి నోట్లో వేస్తారు. మన దేశపు రోటా టీకాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే తయారవుతుంది. టీకా వేసుకున్న పిల్లలకి తీవ్రమైన వైరస్ విరేచనాలు తగ్గుతాయి, ఆ మేరకు భయపడి పోసే సిరప్‌లూ తగ్గుతాయి.

ఆ రాత్రి చెల్లెకి ఏం చెప్పానో రాస్తాను. ముందు అడిగినవి: నెత్తురు పడుతోందా, కళ్లు లోపలికి పోయాయా, ఉచ్చ ఎప్పుడు పోశాడు, గ్లాసు చూపిస్తే తాగుతున్నాడా, పిలిస్తే చూస్తున్నాడా. నెత్తురు లేదు, ఉచ్చ గంట కింద పోశాడు, నీళ్లకి ఆశగా చేయి చాపుతున్నాడు. మగతగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కుతున్నా, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే మెల్లగా వెనక్కి పోతున్నా, ఆరు గంటలుగా ఉచ్చ లేకపోయినా ఫోన్ పెట్టేసి అప్పటికప్పుడు దవాఖానకి తీసుకుపొమ్మనేవాణ్ణి. నెత్తురు పడినా అంతే, అప్పుడు డాక్టర్ రాసే యాంటీబయోటిక్ చెప్పిన డోసు, చెప్పినన్ని రోజులు పోయాల్సిందే, అక్కడ మొహమాటం లేదు. ఆ రోజు కోసమే కదా దాన్ని దాచుకోవాల్సింది.

మిగతాది ఓఆర్ఎస్. అందరికీ తెలిసిందే, కానీ సరిగ్గా కలిపేవాళ్లు తక్కువ. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో వేయాలి, గ్లాసుకి చిటికెడు లెక్కన కాదు. అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు అని కొలత ఉన్నది ఊరికే కాదు. పేగు గోడలో ఉప్పుని, చక్కెరని జంటగా లోపలికి లాగే ద్వారాలుంటాయి, మోషన్లప్పుడు కూడా అవి పనిచేస్తూనే ఉంటాయి, ఆ జంట వెంట నీళ్లు లోపలికి పోతాయి. చక్కెర ఎక్కువైతే తిరగబడుతుంది, నీళ్లు పేగులోకే వచ్చి మోషన్లు పెరుగుతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో, సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు-చక్కెర నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి ఇచ్చారు. 30 శాతం దాకా ఉన్న కలరా మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. అలాంటి ఓఆర్ఎస్ పేరుని డబ్బా మీద వేసుకుని, అంతకన్నా ఎన్నో రెట్లు చక్కెర ఉన్న టెట్రా ప్యాక్ డ్రింకులు మెడికల్ షాపుల్లో అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశమిచ్చింది. కొనేటప్పుడు డబ్బా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఆశా కార్యకర్త దగ్గర, సబ్ సెంటర్లో ప్యాకెట్లు ఉచితం.

మోషన్ అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో, తొందర లేకుండా. కక్కితే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి, ఇంకా మెల్లగా. తల్లిపాలు ఆపొద్దు, తిండి ఆపొద్దు. "కడుపు ఖాళీగ ఉంచాలె" అని పెద్దవాళ్లంటారు, అది పిల్లాణ్ణి ఇంకా నీరసపెడుతుంది. అన్నం మెత్తగా పప్పుతోనో పెరుగుతోనో పెట్టొచ్చు. దీంతోపాటు జింక్ బిళ్ల, ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకి 10, చెంచాడు నీళ్లలో కరిగించి 14 రోజులు, మోషన్లు ఆగినా సరే. మోషన్లు తొందరగా తగ్గుతాయి, తర్వాతి నెలల్లో మళ్లీ వచ్చే అవకాశమూ తగ్గుతుంది. ఇది మాత్రం పూర్తి కోర్సు వాడండి, ఎవరూ వాడరు.

చెల్లె సీసా సంగతి మళ్లీ అడిగింది. "మరి డబ్బులు పెట్టి కొన్నది కదన్నా, అక్కరకొస్తదని ఉంచిన." పొడిలో నీళ్లు కలిపి చేసే సిరప్‌లు చాలావరకు కొద్ది రోజులకే సత్తువ పోతాయి, ఎన్నాళ్లన్నది ఆ సీసా మీదే ఉంటుంది. దాచిన సగం సీసా అంటే సగం డోసు, సగం బలం, ఎవరో ఎప్పుడో వేరే జబ్బుకి రాసిన మందు. సీసా లేబుల్ మీద, గోలీల అట్ట మీద అయితే వెనక వైపు, నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఆ గీత గురించి కేంద్రం 2016లో ప్రచారం చేసింది. చెల్లెని ఫోన్ పట్టుకునే సీసా తిప్పి చూడమన్నాను. "ఉందన్నా, ఎర్రగీత ఉంది. ఇన్నొద్దులు నేను చూడనే లేదు."

తెల్లారి ఏడుకి ఇంకో నాలుగు మోషన్లయ్యాయని చెప్పింది, గొంతులో టెన్షన్ తగ్గలేదు. వాళ్ల అత్తమ్మ ఉత్త నీళ్లతో ఎట్ల తగ్గుతదని అడుగుతూనే ఉందట, అయినా రాత్రంతా చెంచా పట్టుకుని కూర్చున్నది ఆమేనట. పదింటికి ఊళ్లో పీహెచ్‌సీకి తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ చూసి యాంటీబయోటిక్ రాయలేదు, ఇంకో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ ఇచ్చి పంపింది. మూడో రోజు సాయంత్రానికి మోషన్లు రెండుకి వచ్చాయి, ఐదో రోజు పప్పన్నం తిని వాకిట్లో కోడి వెంట పడ్డాడు. పండగకి నేను పోయేసరికి ఫ్రిజ్ తలుపు మీద జింక్ బిళ్లల అట్ట రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. ప్రతి ఖాళీ గుంట పక్కన పెన్నుతో తారీకు రాసి ఉంది, పెద్దామె రాత. ఇంకా ఐదు బిళ్లలు మిగిలి ఉన్నాయి.